కొత్త షింగిల్ కప్పు: చెక్కు రాసే ముందు ఏం చూడాలి?

మన సిలబస్‌లో ఇంటి కప్పు అంటే స్లాబే. సెంట్రింగ్ కొట్టి, ఊచలు కట్టి, కాంక్రీటు పోసి, పైన మడులు కట్టి నీళ్ళు నిలబెడతాం. అంతే. ఊళ్ళో తాతయ్యగారి పెంకుటిల్లు చూసినవాళ్ళకి చూరు, వాసాలు, దూలం లాంటి మాటలు చెవిన పడి ఉంటాయి. మిగతావాళ్ళకి అవీ కొత్తే. కానీ మన కాలేజీ నుంచి అమెరికా వెళ్ళి, ఉద్యోగంలో కుదురుకుని, ఇల్లు కొనుక్కున్న సీనియర్లని అడగండి. వాళ్ళ నెత్తి మీద ఉన్నది స్లాబూ కాదు, పెంకూ కాదు. షింగిల్.

డల్లాస్ చుట్టుపక్కల ప్లేనో, ఫ్రిస్కో, ఇర్వింగ్ లాంటి ఊళ్ళలో మనవాళ్ళు ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు. అక్కడ ఎండాకాలం ముందు వడగళ్ళ వానలు పడతాయి. నిమ్మకాయంత వడగళ్ళు కూడా మామూలే. అలాంటి వాన ఒకటి పడితే వీధి వీధంతా కప్పులు మార్చుకోవాల్సి వస్తుంది. మర్నాటి నుంచి కాంట్రాక్టర్లు తలుపు తడుతూనే ఉంటారు. ఇన్సూరెన్స్ మనిషి వచ్చి చూసి వెళ్తాడు. ఓ రోజు పొద్దున్నే ఐదారుగురు పనివాళ్ళు నిచ్చెనలు వేసుకుని పైకెక్కి, పాత కప్పంతా పీకేసి, సాయంత్రానికి కొత్తది వేసేసి దిగిపోతారు. మేస్త్రీ చేతిలో బిల్లు. "అంతా బాగుంది కదండీ, మిగతా చెక్కు ఇచ్చేయండి."

బాగుందో లేదో ఎలా తెలుస్తుంది? కింద నుంచి చూస్తే కొత్త కప్పు ఏదైనా బాగానే కనిపిస్తుంది. వేల డాలర్ల పని. ఇరవై ఏళ్ళు ఉండాల్సిన పని. తేడా వస్తే తెలిసేది మూడో ఏడో, నాలుగో ఏడో, పడగ్గది సీలింగ్ మీద టీ మరకలాంటి మచ్చ కనపడినప్పుడు. అప్పటికి ఆ కాంట్రాక్టర్ ఫోను నంబరు పని చేయకపోవచ్చు.

అందుకే ఈ వ్యాసం. మీరు సివిల్ వాళ్ళు కాకపోయినా ఫర్వాలేదు, ఇందులో గురుత్వాకర్షణ తప్ప పెద్ద థియరీ ఏమీ లేదు.

అసలు షింగిల్ అంటే ఏంటి?

అమెరికా ఇళ్ళ మీద ఎక్కువగా కనిపించేది ఆస్ఫాల్ట్ షింగిల్. మధ్యలో గాజు పీచుతో చేసిన పల్చటి చాప. దానికి రెండు వైపులా తారు జాతి పూత. పైన ఆవగింజల్లాంటి రంగు రాతి పలుకులు, వీటినే గ్రాన్యూల్స్ అంటారు. తారుకి ఎండ పడదు. అతినీలలోహిత కిరణాలు తగిలితే ఎండిపోయి బీటలు వారుతుంది. గ్రాన్యూల్స్ దానికి గొడుగు పడతాయి. రంగు కోసం అనుకుంటాం గానీ వాటి అసలు పని అది.

ఒక్క పొరతో, మూడు నాలుకల్లా కోసి ఉండేది త్రీ టాబ్ షింగిల్. రెండు పొరలు అతికించి మందంగా, ఎగుడుదిగుడుగా కనిపించేది ఆర్కిటెక్చరల్ లేదా లామినేటెడ్ షింగిల్. ఇప్పుడు కొత్తగా వేసేవాటిలో ఈ రెండో రకమే ఎక్కువ.

కొలతల భాష కూడా వేరు. వంద చదరపు అడుగుల కప్పుని ఒక "స్క్వేర్" అంటారు. మామూలుగా మూడు కట్టలు కలిస్తే ఒక స్క్వేర్. వాలుని డిగ్రీల్లో చెప్పరు. అడ్డంగా 12 అంగుళాలు వెళ్తే ఎన్ని అంగుళాలు పైకి లేచిందో చెప్తారు. 12కి 4, 12కి 6, 12కి 8, ఇలా. 12కి 2 కంటే తక్కువ వాలు ఉన్న కప్పు మీద షింగిల్ వేయకూడదు. 12కి 2 నుంచి 4 మధ్యలో అయితే కింద పరిచే పొర రెండింతలు ఉండాలి. కారణం తేలిక. వాలు తగ్గేకొద్దీ నీళ్ళు నింపాదిగా దిగుతాయి, గాలి వాటిని వెనక్కి తోసేస్తుంది.

ఒక్క సూత్రం చాలు

తాటాకు ఇల్లు కప్పేవాళ్ళు ఎక్కడ మొదలుపెడతారు? చూరు దగ్గర. కింది వరస ముందు, దాని మీదికి వచ్చేలా పై వరస, అలా పైదాకా. పెంకులూ అంతే. షింగిల్ కూడా అచ్చం అంతే. నీటి చుక్క ఎక్కడ పడినా, కిందికి జారేటప్పుడు ప్రతిసారీ పై పొర నుంచి కింది పొర *మీదికే* దిగాలి, కిందికి దూరకూడదు. ఈ సూత్రం ఒంటబడితే ఇక ముందు చెప్పబోయేవన్నీ మీరే ఊహించగలరు. ఎక్కడ ఏది పైన ఉండాలి, ఏది కింద ఉండాలి అన్న ప్రశ్న వస్తే మిమ్మల్ని మీరు ఒక నీటి చుక్క అనుకోండి.

గుర్తు పెట్టుకోవాల్సిన ఇంకో మాట. షింగిల్ కప్పు నీళ్ళని *జార్చేస్తుంది*. తొట్టిలా నీళ్ళని *ఆపదు*. అందుకే "సందుల్లో సీలెంట్ పూసేశాం, ఇంకేం కాదు" అని ఎవరైనా అంటే అనుమానించాలి. సీలెంట్ కొన్నేళ్ళకి ఎండిపోతుంది. పొరల అమరిక ఎండిపోదు.

పని జరుగుతుండగా చూడాల్సినవి

స్లాబు పోసే ముందు మనం కవర్ బ్లాకులు ఉన్నాయా, ల్యాప్ సరిపోయిందా అని చూస్తాం. పోశాక చూడ్డానికి ఏమీ ఉండదు. ఇక్కడా అదే పరిస్థితి. సగం నాణ్యత షింగిల్ కిందే దాక్కుంటుంది. కాబట్టి ఆ రోజు ఇంట్లో ఉండటం, లేకపోతే దశ దశకీ ఫోటోలు తీసి పంపమని కాంట్రాక్టుతోనే రాయించుకోవడం మంచిది. ఫోటోల్లో ఏం చూడాలంటే:

*చెక్క పలక.* వాసాల మీద ఓఎస్‌బీ లేదా ప్లైవుడ్ షీట్లు కొట్టి ఉంటాయి. దీన్ని డెక్ అంటారు. పాత షింగిల్ పీకాక డెక్ మీద నల్లబడినవి, మెత్తబడినవి, పొరలు విడిపోయినవి ఉంటే మార్చాలి. మేకు పట్టేది ఆ చెక్కనే. చెక్క పుచ్చితే పైన ఎంత ఖరీదైన షింగిల్ వేసినా దండగ. షీటుకీ షీటుకీ మధ్య ఎనిమిదో వంతు అంగుళం సందు ఉండాలి. తేమకి చెక్క ఉబ్బినప్పుడు ఆ సందు లేకపోతే అంచులు ఒకదాన్నొకటి తోసుకుని పైకి లేస్తాయి. కప్పు మీద గీతల్లా పొంగులు కనిపిస్తే చాలాసార్లు కారణం ఇదే.

*పాతదాని మీదే కొత్తది వేశారా?* ఒక పొర మీద ఇంకో పొర వేయడానికి కోడ్ కొన్ని చోట్ల ఒప్పుకుంటుంది. రెండు పొరలు అప్పటికే ఉంటే మూడోది మాత్రం వేయకూడదు. ఒప్పుకున్నా సరే, పాతది పీకి వేయడమే మేలు. లేకపోతే చెక్క ఎలా ఉందో ఎవరికీ తెలీదు.

*డ్రిప్ ఎడ్జ్.* కప్పు అంచుల వెంట వేసే రేకు. ఇది పరీక్షలో రెండు మార్కుల ప్రశ్నకి సరిపోతుంది. చూరు అంచున రేకు ముందు వేసి, దాని *మీదికి* అండర్‌లేమెంట్ రావాలి. పక్క వాలు అంచుల్లో అయితే అండర్‌లేమెంట్ ముందు పరిచి, దాని *మీద* రేకు వేయాలి. ఎందుకు తేడా? చూరు దగ్గర నీళ్ళు అండర్‌లేమెంట్ మీద జారి రేకు మీదుగా బయటికి పోవాలి. పక్కల్లో గాలి, వాన అండర్‌లేమెంట్ అంచు కిందికి దూరకుండా రేకు నొక్కిపట్టాలి. నీటి చుక్క సూత్రమే.

*అండర్‌లేమెంట్.* డెక్ మీద పరిచే ఫెల్ట్ లేదా సింథటిక్ గుడ్డ. ముడతలు లేకుండా ఉండాలి. ముడత ఉంటే పైన షింగిల్ కూడా ఉబ్బుతుంది. చలి రాష్ట్రాల్లో, అంటే షికాగో, మిన్నియాపోలిస్ వైపు, చూరు దగ్గర దీనితో సరిపోదు. అక్కడ అతుక్కునే రకం పొర వేస్తారు. అది ఇంటి బయటి గోడ వరస దాటి కనీసం 24 అంగుళాలు లోపలిదాకా రావాలి. అటకలోని వేడికి కప్పు మీది మంచు కరిగి, చల్లగా ఉన్న చూరు దగ్గరికి వచ్చి మళ్ళీ గడ్డకడుతుంది. ఆ గడ్డ ఆనకట్టలా అడ్డుపడితే వెనక నీళ్ళు నిలిచి షింగిల్ కిందికి ఎగదన్నుతాయి. జార్చే కప్పుకి నిలిచిన నీళ్ళే శత్రువు.

*స్టార్టర్ వరస.* మొదటి వరస షింగిల్ కింద, చూరు వెంట ఒక సన్నటి పట్టీ వేయాలి. దాని జిగురు గీత అంచు వైపు ఉండాలి. అప్పుడే మొదటి వరస కింది అంచు దానికి అతుక్కుంటుంది. ఇది ఎగ్గొట్టినా, తిరగేసి వేసినా కింద నుంచి ఎవరికీ కనపడదు. పెద్ద గాలి వచ్చినప్పుడు మాత్రం మొదటి వరస నుంచే కప్పు లేవడం మొదలవుతుంది.

మేకు దగ్గరే అసలు కథ

ఒక చిన్న లెక్క వేద్దాం. లామినేటెడ్ షింగిల్ పొడవు సుమారు 39⅜ అంగుళాలు. వరసకి బయటికి కనపడే భాగం 5⅝ అంగుళాలు. రెండూ గుణిస్తే 221 చదరపు అంగుళాల పైచిలుకు, అంటే ఒకటిన్నర చదరపు అడుగు. వంద చదరపు అడుగులకి సుమారు 65 షింగిళ్ళు. షింగిల్‌కి నాలుగు మేకులు. ఇల్లు 30 స్క్వేర్లు అనుకుంటే మొత్తం 7,800 మేకులు. పది గంటల్లో పని అయిపోయిందంటే, కప్పు మొత్తం మీద ఐదు సెకన్లు గడవకముందే ఒక మేకు పడుతోందన్నమాట. మేకుల గన్ చేతిలో ఉంటే అది సాధ్యమే. కానీ ఆ వేగంలో ప్రతి మేకూ సరైన చోటే పడుతుందా?

మేకులో తప్పులు నాలుగు రకాలు.

ఒకటి, గన్‌లో గాలి ఒత్తిడి ఎక్కువై మేకు తల షింగిల్‌ని చీల్చుకుని లోపలికి పోవడం. అప్పుడు ఆ మేకు ఉన్నా లేనట్టే. రెండు, ఒత్తిడి తక్కువై తల పైకి ఉండిపోవడం. అది పై షింగిల్‌ని అతుక్కోనివ్వదు. కొన్నాళ్ళకి దానికి చిల్లు కూడా పెడుతుంది. మూడు, మేకు వంకరగా దిగి తల ఒక పక్క కోసుకుపోవడం. నాలుగోది అన్నిటికంటే ఎక్కువగా జరిగేది, మేకు ఉండాల్సిన గీత కంటే పైన కొట్టడం.

షింగిల్ మీద కంపెనీవాళ్ళు మేకు కోసం గీతో పట్టీయో వేసి ఇస్తారు. అక్కడ కొడితే మేకు లామినేటెడ్ షింగిల్ రెండు పొరల్లోంచీ, దాని కింది వరస పై అంచులోంచీ దిగుతుంది. రెండంగుళాలు పైన కొడితే కింది పొర తప్పిపోతుంది. అప్పుడు నాలుగు మేకుల బలం సగానికి పడిపోయినట్టే. ఏటవాలు ఎక్కువున్న చోట ఎండకి మెత్తబడి ఆ కింది పొర జారిపోవడం కూడా ఉంది.

కోడ్ చెప్పేది: తుప్పు పట్టని మేకు, తల కనీసం 3/8 అంగుళం వెడల్పు, చెక్కలోకి కనీసం 3/4 అంగుళం దిగాలి. చెక్క అంతకంటే పల్చగా ఉంటే అవతలికి పొడుచుకు రావాలి. గాలి ఎక్కువ వీచే ప్రాంతాల్లో నాలుగు కాదు, ఆరు మేకులు కొట్టమంటారు. మన 30 స్క్వేర్ల ఇంటికి అప్పుడు 11,700 అవుతాయి. ఎన్ని కొట్టాలో ఆ షింగిల్ కట్ట మీదే అచ్చు వేసి ఉంటుంది. పని మొదలైన గంటలోపు మేస్త్రీని "ఇంకా అతుక్కోలేదు కదా, ఇక్కడొకటి ఎత్తి మేకులు చూపిస్తారా?" అని మర్యాదగా అడగొచ్చు. మంచి మేస్త్రీ సంతోషంగా చూపిస్తాడు.

ఆ అడగడం కూడా మొదట్లోనే. ఎందుకంటే షింగిల్ వెనక ఉండే జిగురు గీత ఎండ వేడికి కరిగి కింది వరసకి పట్టేస్తుంది. వేసవిలో త్వరగానే పడుతుంది, చలికాలంలో వారాలు కూడా పట్టొచ్చు. ఒకసారి పట్టాక బలవంతంగా ఎత్తితే ఆ అతుకు పాడవుతుంది. పరీక్ష పేరుతో మనమే కప్పుని పాడు చేసినట్టవుతుంది.

నీళ్ళు కారేది మైదానంలో కాదు, మలుపుల్లో

వాలు మధ్యలో షింగిల్ లీకవడం అరుదు. కప్పు గోడకి తగిలే చోట, చిమ్నీ చుట్టూ, పైపు బయటికి వచ్చే చోట, రెండు వాలులు కలిసే లోయలో లీకవుతుంది. ఈ చోట్ల వేసే రేకులని ఫ్లాషింగ్ అంటారు.

*గోడ పక్కన.* ఒకే పొడవాటి రేకు కాదు, మెట్లు మెట్లుగా ముక్కలు ఉండాలి. ప్రతి షింగిల్ వరసకీ ఒక్కో ముక్క, పై ముక్క కింది ముక్క మీదికి. అందుకే దీన్ని స్టెప్ ఫ్లాషింగ్ అంటారు. గోడ మీదికి కనీసం 4 అంగుళాలు, కప్పు మీద కనీసం 4 అంగుళాలు ఉండాలి. డబ్బు మిగుల్చుకోవడానికి పాత రేకులే ఉంచి, చుట్టూ సీలెంట్ పూసేయడం చాలామంది చేసే పని. ఫోటో ఉంటే దొరికిపోతుంది.

*గోడ చివర.* కప్పు అంచు గోడ మధ్యలో ఆగిపోయే చోట నీళ్ళు గోడ వెంటే దిగిపోకుండా, గట్టర్ లోకి నెట్టే చిన్న వంపు రేకు ఉండాలి. పేరు కిక్ అవుట్. అరచేతంత ముక్క. అది లేకపోతే ఏళ్ళ తరబడి గోడ లోపల చెక్క కుళ్ళుతుంది, బయటికి తెలీదు.

*చిమ్నీ.* వెడల్పు 30 అంగుళాలు దాటితే ఎగువ వైపున చిన్న గుడిసె కప్పులాంటిది కట్టాలి, నీళ్ళు రెండు పక్కలకి చీలేలా. దీన్ని క్రికెట్ అంటారు. మన క్రికెట్‌కీ దీనికీ సంబంధం లేదు.

*పైపులు.* బాత్‌రూమ్ గొట్టాల చుట్టూ రబ్బరు కాలర్ ఉన్న రేకు ఉంటుంది. దాని పై సగం షింగిల్ *కింద*, కింది సగం షింగిల్ *పైన* ఉండాలి. మళ్ళీ నీటి చుక్కే. కొత్త కప్పులో పాత రబ్బరు కాలర్ కనిపిస్తే మార్చమనండి. షింగిల్ కంటే ముందు ఆ రబ్బరే పగిలిపోతుంది.

*లోయ.* రెండు వాలుల నీళ్ళూ ఇక్కడికే చేరతాయి. లోయ మధ్య గీతకి అటూ ఇటూ 6 అంగుళాల లోపు మేకు ఉండకూడదు. చిల్లు పెట్టడానికి కప్పు మొత్తంలో అంతకంటే చెడ్డ చోటు ఇంకోటి లేదు.

కింద నుంచి చూసేవి

ముందే ఒక మాట. కప్పు ఎక్కకండి. వాలు కప్పు మీద కొత్త గ్రాన్యూల్స్ ఇసకలా జారతాయి. ఇళ్ళ పనుల్లో ప్రాణాలు పోయేది ఎక్కువగా ఎత్తు నుంచి పడే. ఫోన్ కెమెరా జూమ్, ఒక బైనాక్యులర్, తెలిసినవాళ్ళ దగ్గర డ్రోన్ ఉంటే అది, ఇవి చాలు.

వీధికి అవతల నిలబడండి. అడ్డ వరసలు తిన్నగా ఉన్నాయా? ఒకచోట ఐదంగుళాలు, ఇంకోచోట ఏడంగుళాలు కనిపిస్తే మేకులు కూడా గీత తప్పాయని అర్థం. పక్క పక్క షింగిళ్ళ అతుకులు కింది వరస అతుకుల మీదే పడుతున్నాయా? ఇటుక గోడలో బ్రేకింగ్ జాయింట్ చదువుకున్నాం కదా, ఇక్కడ కూడా అంతే. వరసకీ వరసకీ అతుకు కనీసం 4 అంగుళాలు తప్పుకోవాలని చాలా కంపెనీలు చెప్తాయి. చూరు దగ్గర షింగిల్ అంచు రేకు దాటి కొద్దిగా, పావు నుంచి ముప్పావు అంగుళం దాకా, బయటికి ఉండాలి. మరీ ఎక్కువైతే వంగి విరుగుతుంది, అసలు లేకపోతే నీళ్ళు వెనక్కి తిరిగి చెక్కకి పడతాయి. మేకు తలలు ఎక్కడైనా మెరుస్తున్నాయా? వెన్ను చివరి ముక్క మీద ఒకటి రెండు తప్ప మేకు తల బయటికి కనపడకూడదు. అవి కూడా సీలెంట్‌తో కప్పి ఉండాలి.

నేల కూడా చూడండి. పాత కప్పు పీకితే వేల మేకులు రాలతాయి. పెరట్లో, కారు దారిలో అయస్కాంతం బండి తిప్పి ఏరాలి. పిల్లలు ఆడుకునే చోట ఇది చిన్న విషయం కాదు.

అటక ఎక్కి చూసేవి

బయటికంటే లోపల ఎక్కువ నిజాలు తెలుస్తాయి. మధ్యాహ్నం పూట, టార్చి ఆపేసి, కళ్ళు చీకటికి అలవాటు పడ్డాక చూడండి. వెలుతురు రాకూడని చోట, అంటే పైపు చుట్టూ, చిమ్నీ పక్కన, వెలుగు కనిపిస్తే అక్కడ సందు ఉన్నట్టే. చెక్కకి కింది వైపున మేకుల మొనలు ముళ్ళలా పొడుచుకు వచ్చి ఉంటాయి. భయపడకండి, అవి ఉండాలి. పల్చటి చెక్కలో మొనలు కనపడకపోతేనే మేకులు పొట్టివని అనుమానించాలి. మొదటి పెద్ద వాన తర్వాత ఇంకోసారి ఎక్కి తడి మరకలు చూసుకోండి.

వెలుతురు రావాల్సిన చోటు కూడా ఒకటుంది. వెన్ను. ఇప్పటి ఇళ్ళలో వెన్ను వెంట గాలి పోయేలా రిడ్జ్ వెంట్ పెడతారు. దాని కింద చెక్కలో పొడవునా చీలిక కోయాలి. మా పెద్దమ్మగారి అమ్మాయి వాళ్ళది డల్లాస్ పక్క ఊరే. కిందటేడు వడగళ్ళ తర్వాత కప్పు మార్పించుకుంది. పని అయిన సాయంత్రం వీడియో కాల్‌లో "ఒరేయ్, సివిల్ చదువుతున్నావుగా, ఇదేంటో చూడు" అని ఫోన్‌తో సహా అటక ఎక్కింది. వెన్ను వెంట చివరిదాకా ఒక్క వెలుగు గీత లేదు. పైన వెంట్ అందంగా బిగించారు, కింద చెక్క మాత్రం కోయలేదు. మూతికి గుడ్డ కట్టి ఊపిరి పీల్చమన్నట్టు. "అక్కా, చెక్కు ఇవ్వకు, ఆ ఫోటో ఒకటి మేస్త్రీకి పంపు" అన్నాను. ఆయన మొదట కాస్త చిరాకు పడ్డా, మర్నాడు మనుషుల్ని పంపి, వెన్ను ముక్కలు విప్పి, చీలిక కోసి, మళ్ళీ వేయించాడు. చెక్కు ఇచ్చేసి ఉంటే ఎన్నిసార్లు ఫోన్ చేయాల్సి వచ్చేదో.

గాలి గురించి ఇంత పట్టుదల ఎందుకంటే, అటక వేడెక్కితే షింగిల్ కింద నుంచి కూడా కాలుతుంది. చలికాలంలో ఇంట్లోంచి వచ్చిన తేమ చెక్కకి పట్టి బూజు వస్తుంది. కోడ్ లెక్క సులువు. అటక నేల వైశాల్యంలో 150వ వంతు గాలి దారి ఉండాలి. పై గాలి దారి, కింది గాలి దారి సమతూకంలో ఉండటం లాంటి షరతులు తీరితే 300వ వంతు చాలు. 1,500 చదరపు అడుగుల అటకకి 300వ వంతు అంటే 5 చదరపు అడుగులు, 720 చదరపు అంగుళాలు. సుమారుగా సగం చూరు కింద, సగం వెన్ను దగ్గర. చూరు కింది దారులని సాఫిట్ వెంట్లు అంటారు. లోపల పరిచిన దూది లాంటి ఇన్సులేషన్ వాటిని మూసేసిందేమో కూడా అటకలోనే తెలుస్తుంది.

తప్పులా కనిపించేవి, తప్పు కానివి

మేస్త్రీతో అనవసరంగా గొడవ పడకుండా ఇవి కూడా తెలియాలి. మొదటి వానలకి గట్టర్‌లో గ్రాన్యూల్స్ చేరతాయి. తయారీలో అదనంగా అంటుకున్నవి రాలడం మామూలే. ఏళ్ళు గడిచాక, కప్పు మీద నల్ల మచ్చలు పడేలా రాలితే అప్పుడు ఆలోచించాలి. కట్టల్లో ఒత్తుకుపోయి వచ్చిన షింగిళ్ళు చలిలో కాస్త ఉబ్బెత్తుగా ఉండి, ఎండలు వచ్చాక సర్దుకుంటాయి. కట్టకీ కట్టకీ కొద్దిపాటి రంగు తేడా సహజం. కానీ ఒకే రంగు నిలువు చారలా మెట్టు మెట్టుగా కనిపిస్తే కట్టలు కలపకుండా వేశారని అర్థం. లీకవదు, చూడ్డానికే బాగుండదు.

కాగితాలు

కప్పు చూసినంత శ్రద్ధగా కాగితాలూ చూడాలి. షింగిల్ కట్ట కవరు ఒకటి దాచుకోండి. పేరు, రకం, గాలి రేటింగు దాని మీదే ఉంటాయి. వడగళ్ళకి యూఎల్ 2218 అనే పరీక్ష ఉంది. రెండంగుళాల ఉక్కు గుండుని 20 అడుగుల ఎత్తు నుంచి ఒకేచోట రెండుసార్లు వేసినా చీలకపోతే క్లాస్ 4. బిల్లులో క్లాస్ 4 అని ఉంటే కవరు మీద కూడా ఉండాలి.

వారంటీలు రెండు. కంపెనీది షింగిల్ లోపాలకి. కాంట్రాక్టర్‌ది పనితనానికి. మేకు తప్పు కొడితే కంపెనీ బాధ్యత పడదు, కాబట్టి రెండోది రాతపూర్వకంగా ఉండాలి. ఊరి పర్మిట్ తీసుకున్నారా, ఇన్‌స్పెక్టర్ వచ్చి వెళ్ళాడా అడగండి. ఆయన చూసేది కనీస ప్రమాణం మాత్రమే, 7,800 మేకులు కాదు. సరుకు అమ్మినవాళ్ళకీ, పనివాళ్ళకీ డబ్బు ముట్టిందని తెలిపే లీన్ వేవర్ తీసుకోండి. లేకపోతే కాంట్రాక్టర్ వాళ్ళకి ఎగ్గొట్టిన బాకీ మీ ఇంటి మీద పడొచ్చు.

టెక్సస్‌లో ఉన్నవాళ్ళకి ప్రత్యేకంగా: "డిడక్టిబుల్ మేం చూసుకుంటాం, మీరు పైసా కట్టక్కర్లేదు" అనే కాంట్రాక్టర్ దగ్గర జాగ్రత్త. ఇన్సూరెన్స్‌లో మన వంతు డబ్బుని అలా మాఫీ చేయడం 2019 సెప్టెంబర్ 1 నుంచి అక్కడ చట్టవిరుద్ధం. కట్టినట్టు రుజువు చూపమని ఇన్సూరెన్స్ కంపెనీ అడగొచ్చు. అదీగాక, ఆ డబ్బు ఎక్కడో ఒకచోట మిగిల్చుకోవాలి కదా. మిగిల్చేది స్టార్టర్ వరసలోనో, పాత ఫ్లాషింగ్‌లోనో.

చెక్కు మీద సంతకానికి ముందు

1. చెక్క, అంచు రేకు, అండర్‌లేమెంట్, లోయ, ఫ్లాషింగ్ దశల ఫోటోలు చేతికి వచ్చాయా?
2. మేకుల సంఖ్య, మేకు గీత ఒక్కచోటైనా కళ్ళారా చూశామా?
3. వీధి నుంచి వరసలు తిన్నగా, అతుకులు తప్పుకుని ఉన్నాయా?
4. గోడ, చిమ్నీ, పైపుల దగ్గర రేకులు కొత్తవేనా? కిక్ అవుట్ ఉందా?
5. అటకలో వెలుగు రాకూడని చోట రావట్లేదు, రావాల్సిన చోట వస్తోంది, అవునా?
6. పెరట్లో మేకులు ఏరారా?
7. పర్మిట్, రెండు వారంటీలు, లీన్ వేవర్ ఫైల్లో ఉన్నాయా?

ఏడింటికీ అవును అంటే నిశ్చింతగా సంతకం పెట్టొచ్చు. ఏదైనా కాదు అంటే గొంతు పెంచక్కర్లేదు. "ఇది పూర్తయ్యాక మిగతాది ఇస్తానండీ" అంటే సరిపోతుంది. అందుకోసమే మొత్తంలో కొంత భాగం చివరిదాకా ఉంచుకునేలా కాంట్రాక్టు మొదట్లోనే రాసుకోవాలి. అమెరికాలో ఇల్లున్న అన్నయ్యో, పిన్నో, సీనియరో మీకు ఉంటే వచ్చే వడగళ్ళ సీజను లోపల ఈ ఏడు ప్రశ్నలు వాళ్ళకి పంపించండి.